అదే చోట

బాలికల హాస్టల్, కింది గది
ఆదివారం, ప్రార్థన అయ్యాక

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

దుకాణానికి కొత్త బోర్డు పెట్టినప్పటి ఫొటో అందింది. బోర్డు బాగుంది. దాని కింద నిలబడ్డ ముగ్గురూ బాగోలేరు. నీకు కుడికన్ను వాచింది, మరదలికి కుడికన్ను వాచింది, స్ప్రింగు బాబాయికీ కుడికన్నే. ముగ్గురూ కూడబలుక్కుని నాకు కన్ను కొట్టినట్టుంది. ఫొటో వెనక "ఇదేదో దిష్టి అక్కా" అని రాశావు.

దిష్టి కాదు, కంటికురుపు. వార్డెన్‌గా ఇన్నేళ్ళలో పిల్లలకి ఎన్నిసార్లు చూశానో. రెప్ప అంచున, వెంట్రుక మొదట్లో ఎర్రగా పొంగుతుంది. ముట్టుకుంటే నొప్పి. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర. తర్వాత దాని కొసన పచ్చటి చీముపొక్కు లేస్తుంది. అది దానంతట అదే చితికి తగ్గిపోతుంది. చాలామందికి వారం, మహా అయితే రెండు వారాలు.

ముందు చేతులు సబ్బుతో కడుక్కో. శుభ్రమైన గుడ్డ వేడినీళ్ళలో ముంచి, పిండి, మూసిన రెప్ప మీద కాపడం పెట్టు. చెయ్యి ఓర్చుకునేంత వేడి చాలు. గుడ్డ చల్లారితే మళ్ళీ ముంచు. పది నిమిషాలపాటు, రోజుకి మూడు నాలుగుసార్లు. ఒకరి గుడ్డ ఒకరు వాడకండి. తువ్వాళ్ళూ దిండు గలీబులూ వేరు చెయ్యండి. మరదల్ని కంటికి ఏ రంగూ పూసుకోవద్దను. చిదమకండి. నీ చేతులు ఊరుకోవు కాబట్టి నీకు విడిగా రాస్తున్నాను, చిదమకు.

ఒక్క సంగతి అడుగుతాను. ముగ్గురికీ కుడికన్నే ఎందుకు? హాస్టల్లో నలుగురికి ఒకేసారి వస్తే, ఎవరి తువ్వాలు ఎవరు వాడారని ముందు వెతుకుతాను. మీ దుకాణంలో మీరు ఏది పంచుకుంటున్నారో వెతుకు.

అక్క

~

గడియారాల దుకాణం, వెనక గది
వాన పడుతున్న మధ్యాహ్నం

అక్కకి,

నీ ఉత్తరం వచ్చేసరికి వానకి బేరం లేదు. అందరికీ గట్టిగా చదివి వినిపించాను. 'చిదమకు' అని రెండోసారి వచ్చినప్పుడు నీ మరదలు నన్ను చూసిన చూపుకి కురుపు దానంతట అదే పగిలిపోవాల్సింది.

దొంగ దొరికాడు. నాన్న ఐగ్లాసు. గుర్తుందిగా, కంటిగుంటలో బిగించుకుని పని చూసుకునే భూతద్దం, నల్లకొమ్ము అంచుది. సన్నపని ఎవరు చేసినా దాంతోనే. నేను తీసి బాబాయికి ఇస్తాను. బాబాయి తీసి నీ మరదలికి ఇస్తాడు. కొత్తవి డబ్బాలో పడున్నాయి, ఎవరూ ముట్టుకోరు. నాన్న కన్ను పెట్టిన చోట కన్ను పెడితే పని తప్పదని మా ముగ్గురికీ ఒక పిచ్చి. పైగా దానికి నీళ్ళు తగలకూడదని నాన్న శాసనం, కొమ్ము పగులుతుందని. చొక్కా అంచుతో తుడుచుకోవడమే తప్ప ఎవరూ ఎప్పుడూ కడగలేదు. మొన్న నీ మరదలు స్పిరిటులో తడిపిన దూదితో అంచు తుడిస్తే, దూది డికాషన్ రంగుకి తిరిగింది. బాబాయి దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "మీ నాన్న ఇంకా ఎక్కడికీ వెళ్ళలేదురా, ఇక్కడే ఉన్నాడు" అన్నాడు. నాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు కాబట్టి ఆయనకి ఆ మాట అనే హక్కుంది. నేనంటే తన్నేవాడు.

ఇప్పుడు ముగ్గురికీ తలా ఒక కొత్త ఐగ్లాసు. నాన్నది సొరుగులో ఉంది. దుకాణం మూశాక ముగ్గురం బెంచీ మీద వరసగా కూర్చుని కళ్ళ మీద గుడ్డలు పెట్టుకుంటున్నాం. దొంగతనంలో దొరికిపోయి తలొంచుకున్నవాళ్ళలా ఉన్నాం అంటుంది నీ మరదలు. బాబాయిది ఎండిపోయింది. నీ మరదలిది చితికి తగ్గిపోయింది. నాది తగ్గుముఖం పట్టింది.

ఫోన్ చేద్దామనుకున్నాను. కానీ ఫోన్లో నువ్వు 'ఊ' అంటావు. కాసేపాగి ఇంకో 'ఊ' అంటావు. ఉత్తరంలో అయితే కనీసం తిడతావు.

తమ్ముడు

~

హాస్టల్
తెల్లవారి ప్రార్థన అయ్యాక

తమ్ముడికి,

దేవుడి దయ. ఐగ్లాసు సంగతి పట్టుకున్నందుకు మరదలికి నా మెప్పు చెప్పు.

వాళ్ళిద్దరిదీ పోయిందని రాశావు. నీది తగ్గుముఖం పట్టిందని రాశావు. పోయాక పోయిందని రాయి.

అక్క

~

దుకాణం, వెనక గది
ఎండలు ముదిరాయి

అక్కకి,

జవాబు ఆలస్యమైంది. బడులు తెరిచే ముందు ఊళ్ళో అందరికీ ఆగిపోయిన గడియారాలు గుర్తొస్తాయి. తల పైకెత్తే తీరిక లేదు.

కురుపు పోయింది. నిజంగానే పోయింది. కొన్నాళ్ళు అసలు ఉండేదన్న సంగతే మర్చిపోయాను. తర్వాత మళ్ళీ వచ్చింది. అదే చోట, పైరెప్పలో, మధ్యకంటే కాస్త ముక్కువైపు. ఈసారి ఎరుపు లేదు, నొప్పి లేదు. వేలితో తడిమితే చర్మం కింద బియ్యపుగింజంత గట్టిగా తగులుతుంది. నొప్పి లేకపోవడమే నయం, పనికి అడ్డం రాదు.

ఇప్పుడు చెప్పబోయేదానికి నువ్వు కోప్పడకూడదు. ముందే మాట తీసుకుంటున్నాను. మొన్న నీ మరదలు వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళింది. నేను బల్ల మీద అద్దం నిలబెట్టి, పెద్ద దీపం దగ్గరికి లాక్కుని, అన్నిటికంటే సన్నటి పట్టకారు మొనలు కాల్చి పెట్టుకున్నాను. కుడిరెప్ప చూడాలంటే ఎడమకంటికి ఐగ్లాసు పెట్టుకోవాలి కదా. నా ఎడమ కంటిగుంటలో అది నిలిచి చావదు, జారి రెండుసార్లు ఒళ్ళో పడింది. చివరికి పళ్ళు బిగబట్టి, రెప్ప తిరగేసి, గడియారం వెనకమూత తీసినట్టు మెల్లిగా తీశాను. చీము రాలేదు. గట్టిపడ్డ మైనం లాంటిది ఇంత ముక్క వచ్చింది, పసుప్పచ్చగా. కాస్త రక్తం. అంతే.

ఇంత సన్నపని జన్మలో చెయ్యలేదు. నాన్న చూసుంటే మెచ్చుకునేవాడు, తర్వాత చెవి మెలిపెట్టేవాడు.

నీ కాపడం మాత్రం మానలేదు. నీ మొదటి ఉత్తరం బల్ల ముందు గోడకి అంటించాను.

తమ్ముడు

~

హాస్టల్

తమ్ముడికి,

మాట తీసుకున్నానన్నావు. నేను ఇచ్చినట్టు ఎక్కడా రాయలేదు.

రెప్ప గడియారం మూత కాదు. పొడిస్తే చీము లోపలికి పాకుతుంది. రెప్పంతా వాచినా, జ్వరం వచ్చినా, కన్ను తిప్పితే నొప్పి పుట్టినా, చూపు మసకబారినా ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇది అందరికీ చెప్పే మాట, నీకూ చెప్తున్నాను.

నీకు మాత్రమే చెప్పాల్సిన మాట వేరే ఉంది. చీము రాలేదన్నావు. అక్కడ ఆగిపోయాను. కంటికురుపు అంటే నొప్పి ఉంటుంది, చీము ఉంటుంది. నొప్పిలేని గడ్డలు కూడా వస్తాయి, రెప్పలో నూనె దారి మూసుకుపోతే. పిల్లలకి వచ్చాయి, కాపడంతో నెమ్మదిగా కరిగిపోయాయి. కానీ వాళ్ళు పిల్లలు. నీకు యాభై దాటింది. పైగా అదే చోట మళ్ళీ వచ్చిందంటున్నావు. నొప్పి లేకపోవడం నువ్వు మంచి వార్తలా రాశావు. నాకలా అనిపించలేదు.

ఒకసారి అద్దంలో చూసి రాయి. ఆ చోట రెప్పవెంట్రుకలు ఉన్నాయా?

ఏడాదికోసారి పిల్లల చూపు పరీక్షించడానికి మా దగ్గరికి ఒక కళ్ళ డాక్టరమ్మ వస్తుంది. ఈ నెలలోనే వస్తోంది. అడుగుతాను. ఈలోగా నువ్వు మీ ఊళ్ళో చూపించుకో. ఇక ఏ పట్టకారూ వద్దు.

అక్క

~

దుకాణం

అక్కకి,

తిట్లు అందాయి. బాగున్నాయి, కరువు తీరింది.

వెంట్రుకలు లేవు. కంగారుపడకు, నేనే పీకాను. కురుపు దగ్గర వెంట్రుక పీకితే లోపలిది బయటికి రావడానికి దారి అవుతుందని బాబాయి అన్నాడు. అందుకని ఆ గింజ మీద ఉన్నవన్నీ పట్టకారుతో లాగేశాను. ఇప్పుడక్కడ నున్నగా, నీ హాస్టల్ ముందువరండాలా ఉంది.

మందుల షాపులో ట్యూబు ఇచ్చాడు, రాస్తున్నాను. కళ్ళ డాక్టరు సంగతంటావా, ఆయన గది సరిగ్గా మన దుకాణానికి ఎదురుగా, మేడ మీద. ఆ మెట్లెక్కితే వీధంతా చూస్తుంది. నేను దిగేలోపే 'గడియారాలాయనకి కన్ను పోతోందట' అన్న మాట ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళిపోతుంది. మొన్న ఒకావిడ వాళ్ళ అమ్మ చేతిగడియారం తెచ్చింది. చిన్నది, లోపల చక్రాలు చీమ కాళ్ళలా ఉంటాయి. బల్ల మీద పెట్టింది, నా కన్ను చూసింది. "తర్వాత తెస్తానులెండి, ఇప్పుడంత తొందర లేదు" అని మళ్ళీ సంచీలో వేసుకుంది. కన్ను బాగోలేనివాడి చేతిలో అమ్మ గడియారం నేను మాత్రం పెడతానా?

బాబాయి చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. నీ మరదలు బ్యాటరీలు, పట్టీలు చూసుకుంటుంది. సన్నపనికి మిగిలింది ఈ ఒక్క కన్ను. దానికి ఒక పట్టీ వేశారంటే దుకాణానికి తాళం వేసినట్టే. నువ్వే అన్నావుగా, దానంతట అదే పోతుందని. పోతుందిలే.

తమ్ముడు

~

హాస్టల్
డాక్టరమ్మ వచ్చి వెళ్ళిన రోజు

తమ్ముడికి,

ఆవిడకి అంతా చెప్పాను. నీ ఉత్తరంలో మైనం ముక్క అన్న చోట చదివి వినిపించాను. అప్పటిదాకా పిల్లల కార్డులు నింపుతూ వింది. అక్కడ పెన్ను కిందపెట్టింది.

నిన్ను కొన్ని అడగమంది. దాటెయ్యకుండా జవాబు రాయి. ప్రతిసారీ అణాపైసలతో సహా అదే చోటేనా? రెప్ప అంచు దళసరిగా మారిందా, కన్ను ఎర్రగానే ఉంటోందా? వెంట్రుకలు నువ్వు పీకావా, రాలిపోయాయా? చెవి ముందు, దవడ ఎముక మొదలయ్యే దగ్గర, వేళ్ళతో తడిమితే గడ్డ ఏమైనా తగులుతోందా?

రెప్ప నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. అది చేసేదాకా ఏదీ తేలదంది. మామూలు కురుపైతే మంచిదే, ముక్క తీసినందువల్ల నష్టం లేదు.

ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. అది ఇక్కడ రాయను. ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట.

ఆ మెట్లు ఎక్కు. వీధి చూస్తే చూడనీ.

అక్క

~

దుకాణం

అక్కకి,

పరీక్షలో కూర్చున్నట్టుంది. వరసగా రాస్తున్నాను, మార్కులు వెయ్యి.

అదే చోట. గింజ మళ్ళీ పెరిగింది, ఇప్పుడు కందిగింజంత. అంచు కాస్త దళసరిగానే ఉంది. పట్టకారుతో నేను చేసిన నిర్వాకం వల్ల అయి ఉంటుంది. కన్ను ఎరుపు, అది రోజంతా సన్నపని చేసేవాళ్ళందరికీ ఉంటుంది. వెంట్రుకలు నేనే పీకానని రాశాగా.

డాక్టరు దగ్గరికి వెళ్తాను. కొంచెం ఈ పని ఒత్తిడి తగ్గనీ. నీ డాక్టరమ్మ పెన్ను కిందపెట్టింది కదా అని నేను పట్టకారు కిందపెడితే ఎలా?

ఆవిడ చెప్పిన ఇంకో మాట ఏమిటో నాకు చెప్పనక్కర్లేదు. నువ్వు వచ్చినప్పుడు చెబుదువుగాని. తొందర లేదు.

తమ్ముడు

~

దుకాణం పైన మా ఇల్లు
ఆయన కింద పనిలో ఉన్నప్పుడు

వదినకి నమస్కారాలు.

నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. రాత బాగోకపోతే ఏమీ అనుకోకండి. ఇది రాసినట్టు ఆయనకి తెలియదు.

వదినా, ఆయన కన్ను ఏమీ బాగోలేదు. కురుపు అనుకున్నది పోయినట్టే పోయి వస్తోంది. పైరెప్ప బరువెక్కి కిందికి వాలింది. పొద్దున లేచేసరికి ఊసులతో అంటుకుపోతుంది. నేను డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్నప్పుడల్లా గోడ మీదున్న మీ ఉత్తరం చూపిస్తారు. "అక్క రాసింది చూడు, దానంతట అదే తగ్గిపోతుందట. అక్కకంటే నీకెక్కువ తెలుసా?" అంటారు. నేను నోరు మూసుకుంటాను. మీ మాట మీద మాట ఎలా అనను? అదే ఉత్తరం, రోజూ అదే. వేడినీళ్ళు, గుడ్డ, కాపడం. గ్లాసుడు నీళ్ళు కాగితే చాలు, ముందు కంటికి పెట్టుకుంటారు. ఆ తర్వాత మీరు ఏమైనా రాశారో లేదో నాకు తెలియదు. వచ్చిన ఉత్తరాలు ముందులా చదివి వినిపించడం లేదు. "అక్క కులాసా" అంటారు, అంతే.

వెంట్రుకలు పీకానని బాబాయితో చెబుతుంటే విన్నాను. పీకలేదు వదినా. రాలిపోయాయి. కాపడం గుడ్డకి అంటుకుని వచ్చేవి, నేనే ఉతికేదాన్ని. దిండు గలీబు మీద కూడా ఉండేవి. బాబాయి అసలా సలహానే ఇవ్వలేదట.

ఇంకో విషయం. సొరుగులో పెట్టిన మామయ్యగారి ఐగ్లాసు మళ్ళీ బయటికి తీశారు. కొత్తది వాచిన రెప్పకి నొక్కుకుంటోందట, ఇదైతే అలవాటుపడిందట. అయినా పని తేలడం లేదు. బాగుచేసి ఇచ్చిన గడియారాలు వారం తిరక్కుండా వెనక్కి వస్తున్నాయి. ఆయన చేతి పని ఎప్పుడైనా వెనక్కి రావడం మీరు చూశారా? వచ్చినవాటిని నాకు కనపడకుండా బల్ల కింద పెట్టె వెనక పెడుతున్నారు.

గడ్డం గీసుకుంటూ చెవి దగ్గర ఆగిపోతున్నారు. వేళ్ళతో అక్కడే తడుముకుంటూ అద్దంలోకి చూస్తూ ఉండిపోతారు. ఏమిటని అడిగితే బ్లేడు మొద్దుబారిందంటారు. నిన్న కొత్త బ్లేడు తెచ్చిచ్చాను. మళ్ళీ అక్కడే ఆగారు.

నాకు భయంగా ఉంది వదినా. ఆయన మీ మాట తప్ప ఎవరి మాటా వినరు. మీరు మొదట చెప్పినదే పట్టుకుని కూర్చున్నారు. మీరే ఇంకో మాట చెప్పండి.

మీ మరదలు

~

హాస్టల్
చాలాసేపు ప్రార్థనలో కూర్చుని లేచాక

తమ్ముడికి,

గోడ మీది ఉత్తరం తీసెయ్యి. అది కంటికురుపుకి రాసినది. నీది కంటికురుపు కాదు.

డాక్టరమ్మ చెప్పిన మాట రాయనన్నాను. రాస్తున్నాను. క్యాన్సర్ అయి ఉండొచ్చు. రెప్పలోని నూనె గ్రంథుల్లో పుడుతుందట, కురుపు వేషం వేసుకుని వస్తుందట. నొప్పి ఉండదు. తీసేస్తే అదే చోట తిరిగి వస్తుంది. అక్కడి వెంట్రుకలు రాలిపోతాయి. అందుకే చూసినవాళ్ళు నెలల తరబడి కురుపనుకుని మోసపోతారట. ముందే పట్టుకుంటే రెప్పలో ఆ భాగం కోసేసి కుట్టి సరిచేస్తారు, కన్ను నిలుస్తుంది. ఆలస్యమైతే కంటి మీదికి పాకుతుంది. ఆపైన చెవి ముందుకి, మెడకి దిగుతుంది.

కాకపోనూ వచ్చు. ముక్క తీస్తేగానీ ఎవరికీ తెలియదు.

మీ దుకాణంలో అందరికీ కురుపులొచ్చాయి, కారణం దొరికింది, అందరికీ తగ్గాయి. ఆ కారణమే మనల్ని నిద్రపుచ్చింది. మిగతా ఇద్దరివీ పోయి నీది పోనప్పుడే ఇది వేరని చూడాల్సింది.

నన్ను అడ్డం పెట్టుకోకు. 'అక్క చెప్పింది' అని మరదలి నోరు మూయించకు. ఇప్పుడు అక్క చెప్పేది ఇది. కాపడం ఆపు. ట్యూబు ఆపు. మరదల్ని వెంటబెట్టుకుని ఎదురు మేడ ఎక్కు.

ఇన్నాళ్ళూ నీ కంటి కోసం ప్రార్థించాను. ఇవాళ్టి నుంచి నీ కాళ్ళ కోసం ప్రార్థిస్తున్నాను. అవి ఆ మెట్లెక్కాలి.

నేనడిగినవాటిలో ఒకదానికి నువ్వు జవాబు రాయలేదు. చెవి ముందు గడ్డ ఉందా?

అక్క

~

పెద్దాసుపత్రి, వసారాలో బెంచీ
నీ మరదలు మందులకి వెళ్ళింది

అక్కకి,

నీ ప్రార్థన కాళ్ళకి తగిలినట్టుంది. ఉత్తరం చదివిన పూటే ఎక్కాను. దుకాణం షట్టరు సగం దించి, నీ మరదలు చెయ్యి పట్టుకుని వీధి దాటించింది. పెళ్ళైన కొత్తలో కూడా అలా పట్టుకోలేదు. వీధంతా చూసింది. చూడనీ అన్నావుగా.

మేడ మీద గదిలో ఎవరున్నారనుకున్నావు? అమ్మ గడియారం వెనక్కి తీసుకెళ్ళినావిడ. కంటికి గుడ్డ కట్టుకుని కూర్చుంది. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరం తొందరేమీ లేదన్నట్టు కూర్చున్నాం.

డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. రెప్ప తిరగేసి చూశాడు, వేళ్ళతో మొహం పక్కన తడిమాడు, ఈ పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. ఇక్కడ ముక్క తీశారు. మత్తుసూది గుచ్చినప్పుడు మంట, తర్వాత ఏమీ తెలియలేదు. వాళ్ళ పట్టకారు నాదానికంటే మొద్దుగా ఉంది. కానీ వాళ్ళకి ఏం తీస్తున్నారో తెలుసు.

ఫలితం నిన్న వచ్చింది. నీ డాక్టరమ్మ చెప్పిందే.

పైరెప్ప చాలావరకు తీసేస్తారట. కిందిరెప్ప నుంచి కొంత తెచ్చి పైన కుడతారట. అందుకని కొన్ని వారాలు ఆ కన్ను మూసే ఉంచుతారట. కంటి తెల్లగుడ్డు మీదికి పాకిందో లేదో లోపలికి వెళ్ళాక చూస్తామన్నారు. పాకి ఉంటే కన్ను కూడా తియ్యాలి. సంతకం పెట్టమన్నారు. పెట్టాను. కుడికన్ను మూసుకుని పెట్టాను, ఇకనుంచి అలవాటవ్వాలి కదా అని. గీత మీద నిలిచింది.

వెంట్రుకలు రాలిపోయాయి. పీకలేదు. రాలుతున్నాయని రాస్తే నువ్వు ఏం రాస్తావో తెలుసు. అందుకని అబద్ధం రాశాను. బాబాయి మీద కూడా చెప్పాను. ఆ సంగతి ఆయన ముందు ఒప్పుకుని తన్నులు తిన్నాను.

బల్ల దగ్గర ఇప్పుడు ఎడమకంటికి పని నేర్పుతున్నాను. నాన్నదాంతో కాదు, కొత్తదాంతో. ఎడమ కంటిగుంట దాన్ని పట్టుకోవడం లేదు. పెట్టుకుంటాను, ఊపిరి బిగబడతాను, చక్రం కనపడేలోపు జారి బల్ల మీద పడుతుంది. మళ్ళీ పెట్టుకుంటాను. నిన్న ఒక మరమేకు తిప్పేంతసేపు నిలిచింది. బాబాయి వెళ్ళి టీ తెచ్చాడు.

నువ్వు రెండుసార్లు అడిగినదానికి జవాబు. ఉంది. చెవి ముందు, నువ్వు రాసిన చోటే, గోళీకంటే కాస్త చిన్నది. నువ్వు మొదటిసారి అడిగినప్పుడే తడిమి చూశాను. అప్పటికే ఉంది. రాస్తే నిజమవుతుందనిపించి రాయలేదు. అందులోకి సూది పెట్టి తీశారు. అది ఏమిటో ఇంకా చెప్పలేదు. పొద్దున అడిగాను. పెద్ద డాక్టరు నా కాగితాలు తిరగేసి, 'మీతో ఇంకెవరైనా పెద్దవాళ్ళు వచ్చారా' అని అడిగాడు.

మా అక్క ఉంది అని చెప్పాను.

తమ్ముడు

~

హాస్టల్
పెట్టె సర్దాక

తమ్ముడికి,

చదివాను.

ఈ ఉత్తరం ఇవాళ అటువైపు వస్తున్న మా లెక్కల టీచరు చేతికిచ్చి పంపుతున్నాను. రేపటి బండికి నేను వస్తున్నాను. పిల్లల్ని రెండో వార్డెన్‌కి అప్పగించాను. ఎప్పుడు తిరిగొస్తారని అడిగింది. తిరుగు టికెట్టు తీసుకోలేదు.

పెద్ద డాక్టరు చెప్పేది ఇద్దరం కలిసి విందాం. ఆయనతో మాట్లాడేటప్పుడు నేను ఫోన్లోలా 'ఊ' అనను. అడగాల్సినవన్నీ అడుగుతాను. నువ్వు పక్కన కూర్చో, చాలు.

నాన్న ఐగ్లాసు మరదలి చేతికివ్వు. సబ్బు వేసి నీళ్ళతో కడగమను. కొమ్ము పగిలితే పగలనీ.

చెవి దగ్గర తడుముకోవడం మానెయ్యి. నువ్వు చూసినా చూడకపోయినా అది అక్కడే ఉంటుంది. ఆ చేతిని పని మీద పెట్టు.

నేను తలుపు తట్టేసరికి వేడినీళ్ళు కాచి ఉంచండి. కాపడానికి కాదు, టీకి.

ఎడమకంటి అభ్యాసం ఆపకు. ప్రార్థన అయ్యాక నేను నీ బల్ల పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాను. ఐగ్లాసు పడినప్పుడల్లా నేను తీసి ఇస్తాను.

అక్క